మంచం కింద మగ్గం గుంత

నొప్పి అంటే ఎవరైనా నమ్ముతారు. దురద అన్నా నమ్ముతారు. ఈ రెండూ కానిదాన్ని ఏమని చెప్పుకోవాలి? పగలంతా నేను బాగానే ఉంటాను. వంట చేస్తాను, బట్టలు పిండుతాను, కూరగాయలకు మార్కెట్ దాకా నడిచి వెళ్లి వస్తాను. రాత్రి తిని, గిన్నెలు కడిగి, నడుం వాల్చి లైటు ఆర్పేసరికి పిక్కల లోపల, ఎముకకూ కండకూ మధ్య ఎక్కడో, ఏదో మెల్లగా పాకడం మొదలవుతుంది. గోకితే అందదు, పిసికితే పోదు. కాలు ఒక్కసారి కదిపితే హమ్మయ్య అనిపిస్తుంది. పది లెక్కపెట్టేలోపు మళ్లీ వస్తుంది. మళ్లీ కదపాలి. కదిపినప్పుడల్లా మంచం కాళ్లవైపు పట్టె కిర్రుమని, గోడకు టక్కున తగులుతుంది. కిర్రు, టక్. కిర్రు, టక్. నిద్ర కళ్ల దాకా వచ్చి నిలబడే ఉంటుంది, కాళ్లే లోపలికి రానివ్వవు.

ఇప్పుడు మంచం ఉన్నచోట ఒకప్పుడు మా మగ్గం ఉండేది. సిద్దిపేటలో మా వాడకట్టంతా గుంత మగ్గాలే. నేలలో నడుం లోతు గుంత తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, అడుగున ఉన్న రెండు చెక్క పలకలను మార్చి మార్చి తొక్కుతూ నేయాలి. కుడి కాలు తొక్కితే పోగును మోసే నాడె ఇటు. ఎడమ కాలు, నాడె అటు. పెళ్లయి వచ్చిన ఏడాది మొదలుపెట్టి ఇరవై ఎనిమిదేళ్లు ఆ గుంతలోనే కాళ్లు పెట్టుకుని బతికాను. కూర్చుని కాళ్లు ఊపితే ఇంటికి దరిద్రమని ఊరంతా పిల్లల్ని కసురుతుంది కదా, మా అత్తమ్మ మాత్రం పడీపడీ నవ్వేది. "గది మగ్గమోళ్లకు గాదు బిడ్డా. మన కాళ్లు ఆగిననాడే మనకు దరిద్రం" అనేది.

ఆగిపోయాయి. చీరలు తీసుకునేవాళ్లు తగ్గారు, నా కళ్లు తగ్గాయి, దారం తెగితే అతకడానికి అద్దాలు పెట్టుకున్నా కనిపించని రోజులు వచ్చాయి. చివరికి మగ్గాన్ని ఒకాయన కొనుక్కుపోయాడు. నేయడానికి కాదు, హైదరాబాదులో ఏదో హోటలు వాకిట్లో అలంకారానికట! అన్నీ ట్రాలీకి ఎక్కించి, కాలి పలకలు మాత్రం పక్కన పడేశాడు. "ఇవి అరిగిపోయినయమ్మా, ఫొటోల మంచిగ రావు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అవి మా మామ తన చేతులతో తుమ్మకర్ర చెక్కి చేసిన పలకలు. ముందు ఆయనవి, తరువాత మా అత్తమ్మవి, తరువాత నావి, అన్ని పాదాలకు అరిగి నడుమ గుంటలు పడ్డాయి. ఆ కోపంలో ఏం చేస్తున్నానో తెలియకుండా రెండింటినీ తీసుకెళ్లి నీళ్లపొయ్యిలో పెట్టాను. ఒక్క బకెట్ నీళ్లు కాగాయి. ఆ నీళ్లతో తలస్నానం చేసి గుంతలో మొరం పోయించి, పైన టైల్స్ వేయించి, మంచం వేసుకున్నాను.

పది రోజులకు కాళ్లలో ఇది మొదలైంది. ఎవరికి చెప్పను? అవి పలకల్ని వెతుక్కుంటున్నాయని నా లోపల నాకు గట్టిగా అనిపించేది. పైకి మాత్రం, ఛీ, ఇదేం పిచ్చి అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

అప్పుడు మా ఆయన ముంబై దగ్గర భివండిలో ఉన్నాడు. ఇరవై రెండేళ్లు అక్కడే సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, రాత్రి పాళీ చేశాడు. దసరాకు పది రోజులు, ఎండాకాలంలో పది రోజులు వచ్చేవాడు. ఆ ఇరవై రెండేళ్ల కాపురాన్ని ఒక్కదగ్గర కుప్పపోస్తే రెండేళ్లయినా వస్తుందో రాదో. మిగిలిందంతా ఫోన్లోనే. రాత్రి చాయ్‌కి వదిలినప్పుడు ఫోన్ చేసేవాడు, వెనకాల సాంచాల మోతలో సగం మాట వినబడేది కాదు. నేను ఫోన్‌ను మగ్గం కట్టెకు ఆనించి నేస్తూనే మాట్లాడేదాన్ని. మాటలు అయిపోయినా పెట్టేవాడు కాదు. "ఇగ పెట్టు, పైసలు కాలుతయ్" అంటే, "ఉండనియ్యి" అనేవాడు. మగ్గం పోయిందని చెప్పిన రోజు ఒక్కటే అడిగాడు. "బాపు చేసిన పలకలు జాగ్రత్తగ పెట్టినవా?" "పెట్టిన" అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యం.

పోయిన ఏడాది ఛాతీలో దగ్గు పట్టుకుని, ఇక చాలనుకుని మొత్తానికే వచ్చేశాడు. మన బజారులోనే బట్టల దుకాణంలో థాన్లు మడతపెట్టే పనికి కుదిరాడు. బిడ్డను జగదేవ్‌పూర్‌లో ఇచ్చాం, ఇంట్లో ఇద్దరమే. యాభై ఏళ్లు దాటాక కొత్త కాపురం. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నేను చాలా సంతోషపడ్డాను. కొత్త దుప్పటి కొన్నాను. రెండో దిండుకు గలేబు కుట్టించాను.

మొదటి రాత్రే నా కాలు పోయి ఆయన పిక్కకు తగిలింది. "ఏమైందే?" అన్నాడు. "ఏం లే, పండుకో" అన్నాను. పళ్లు బిగబట్టి కాళ్లను ఆపి చూశాను. ఆపిన కొద్దీ లోపలిది రెట్టింపైంది. చివరికి తన్నినట్టే కదిలాయి. ఆయన నిద్రపోలేదు, ఊపిరి వింటే తెలుస్తుంది కదా. వారం రోజులు అట్లాగే గడిచింది. పడుకోవడం, కదలడం, లేచి నడవడం, వచ్చి మళ్లీ పడుకోవడం. ఎనిమిదో రోజు ఆయన కునుకు పట్టాక, అటక మీద మిగిలిన పడుగు నూలు తీసుకొచ్చి నా రెండు చీలమండల్ని కలిపి కట్టేసుకున్నాను. కనీసం ఈ మనిషికైనా నిద్ర ఉండాలి అనుకున్నాను.

తెల్లారి లేచేసరికి ఆయన నా కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నూలు విప్పేశాడు. కట్టిన చోట ఎర్రగా వాతలు తేలాయి. వాటిని చూశాడు, నన్ను చూశాడు, లేచి మొహం కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి చాప, దిండు తీసుకుని ముందు గదిలోకి పోయాడు. "గీడ గాలి మంచిగొస్తది" అన్నాడు. మాఘమాసం చలిలో గాలి ఎవరికి కావాలి, మీరే చెప్పండి! రెండో దిండును పక్కకు జరిపి గోడవైపు తిరిగి పడుకున్నాను. ఏడ్చాను కూడా.

ఇంకో రెండు రోజులకు మంచం కింద ఊడుస్తుంటే టైల్స్ మీద పసుపు, కుంకుమ, అగరుబత్తి బూడిద కనిపించాయి. సరిగ్గా గుంత ఉన్న జాగాలో. అంటే నాకు దయ్యం పట్టిందనుకుంటున్నాడన్నమాట! చీపురుతో అంతా ఎత్తి బయట పోశాను. ఆ సాయంత్రమే, ముందు గదిలోంచి ఆయన ఫోన్లో తనకొచ్చిన హిందీలో మాట్లాడడం విన్నాను. "ఇధర్ నీంద్ నై ఆతీ సేఠ్. ఆతా మై వాపస్." ఇక్కడ నిద్ర రావట్లేదు, తిరిగి వచ్చేస్తానని భివండి యజమానికి చెబుతున్నాడు. ఆ దగ్గుతో, ఆ వయసులో, మళ్లీ ఆ దూది ధూళిలోకి. నా కాళ్ల వల్ల.

అడగొచ్చు కదా అంటారు. అడగలేకపోయాను. అడిగితే ఉండిపొమ్మని బతిమాలినట్టవుతుంది, ఉండిపోతే నిద్ర లేకుండా చంపినట్టవుతుంది. పైగా పలకల సంగతి అబద్ధం చెప్పిన నోరు ఇది.

ఆ రోజుల్లో రాత్రులు నాకు రాత్రుల్లాగా గుర్తులేవు. ఒకటే పొడుగాటి గుడ్డలాగా గుర్తున్నాయి, ఎక్కడ మొదలో ఎక్కడ అంచో తెలియదు. లేచి చీకట్లోనే నడిచేదాన్ని. వంటింటి బండలు చల్లగా ఉండేవి, వాటి మీద నిలబడితే కాళ్లు కాసేపు ఊరుకునేవి. బాయికాడి డ్రమ్ములో నీళ్లు చెంబుతో ముంచి పిక్కల మీద పోసుకునేదాన్ని. తడి పాదాలతోనే మెట్లెక్కి డాబా మీదికి పోయేదాన్ని. ఊరంతా లైట్లు తగ్గించుకుని మెల్లగా ఊపిరి తీస్తూ ఉండేది. తొగుట దిక్కు కొత్త రిజర్వాయరులో పెద్ద నీళ్లు వచ్చి నిలిచినప్పటి నుంచి అటు గాలికి ఒక తడి వాసన ఉంది. ఆ గాలిలో ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూ ఉంటే, నేను నడుస్తున్నానో నాడెలాగా ఎవరైనా నన్ను విసురుతున్నారో తెలిసేది కాదు.

మళ్లీ వచ్చి పడుకుంటే సగం నిద్రలో టైల్స్ మెత్తబడేవి. మంచం కిందికి, మొరం కిందికి నా కాళ్లు దిగిపోయేవి. గుంతలో గోరువెచ్చటి నీళ్లు నిండి ఉండేవి. పాదాలతో అడుగంతా తడిమేదాన్ని, పలకలు దొరికేవి కావు. అయినా ముందర గుడ్డ పెరుగుతూనే ఉండేది. రంగు లేని గుడ్డ. అవతల ఎప్పుడో పోయిన అత్తమ్మ కూర్చుని నూలు కండెలు చుడుతూ, తల ఎత్తకుండా, "తొక్కు బిడ్డా, తొక్కు" అనేది. ఏం తొక్కను అత్తమ్మా, పొయ్యిలో పెట్టిన గదా అని చెప్పబోయేసరికి మెలకువ వచ్చేది. ముందు గదిలో అలికిడి ఉండేది కాదు. ఈ సప్పుడు ఆయన దాకా పోతున్నట్టుందని పట్టెకూ గోడకూ మధ్య పాత చీర కుక్కాలనుకునేదాన్ని, లేవడానికి బద్ధకించేదాన్ని.

నన్ను దవాఖానకు లాక్కుపోయింది పక్కింటి ఆపా. ఆమె బట్టలు కుడుతుంది, ఇంట్లోనే మిషన్. ఒకనాడు పొద్దున్నే గోడ మీదుగా నా మొహం చూసి, "అరె, గిదేంది, కండ్ల కింద కాటుక పెట్టుకున్నవా?" అంది. కాటుక కాదని తెలిసి గేటు తీసుకుని లోపలికే వచ్చేసింది. నేను చెప్పిందంతా విని, "చలో. చీర మార్చుకో. ఇప్పుడే పోదాం" అంది. "కాళ్లు కదులుతున్నయంటే డాక్టరు నవ్వదా ఆపా?" అంటే, "నవ్వితే నేను చూస్తగా, ముందైతే నడువు" అంది.

డాక్టరు చిన్న పిల్ల, మా బిడ్డ వయసుది. నవ్వలేదు. "పడుకున్నప్పుడే వస్తుందా? సాయంత్రం నుంచి పెరుగుతుందా? లేచి నడిస్తే తగ్గుతుందా?" అని అడుగుతుంటే, నేను చెప్పకముందే నా రాత్రులన్నీ ఆ పిల్ల చెబుతుంటే, నాకు దుఃఖం ఆగలేదు. "అంటే ఇది పిచ్చి కాదా అమ్మా?" అన్నాను. "పిచ్చేంటమ్మా, జబ్బు. చాలామందికి ఉంటుంది, చెప్పుకోరు" అంది. రక్తం తీయించింది. ఒంట్లో ఇనుము నిల్వ బాగా తక్కువగా ఉందట, కొందరిలో కాళ్లు అందుకే ఇట్లా చేస్తాయట. మాత్రలు రాసింది. పడుకునే ముందు వేడినీళ్లలో కాళ్లు పెట్టమంది, గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయడం చూపించింది. రోజుకు ఎన్ని టీలని అడిగింది. నేను నోరు తెరవకముందే ఆపా, "ఏడు" అంది. "సాయంత్రం తరువాత వద్దు" అంది డాక్టరు. "ఈమెకు చాయ్ బందంటే ఊపిరి బందే డాక్టరమ్మా" అంది ఆపా.

నేనొక ఘనకార్యం చేశాను. సాయంత్రం చాయ్ మానేశాను గానీ, పొద్దుటి మాత్రను చాయ్‌తోనే మింగాను. మాత్ర నీళ్లతో దిగదు నాకు, ఏం చేయను? నెల తరువాత మళ్లీ పోతే డాక్టరు తల పట్టుకుంది. "టీతో వేసుకుంటే ఆ ఇనుము ఒంటికి పట్టదమ్మా. నెల రోజులూ మాత్రలు టీకే వేశారు, మీకు కాదు" అంది. ఆపా నవ్వి నవ్వి బెంచీ మీద కూలబడింది. నిమ్మకాయ నీళ్లతో వేసుకోమన్నారు. ఇంటికొచ్చి, కోపంగా, వంటింట్లో గట్టిగా గొణుక్కుంటూ అదంతా గోడలకు చెప్పుకున్నాను.

మర్నాటి నుంచి గ్యాసు పొయ్యి పక్కన రోజూ రెండు నిమ్మకాయలు కనిపించేవి. ఆపా పెట్టిందనుకున్నాను, కాదంది. ఆయన్ను అడిగితే, "అగ్గువకు దొరికినయ్" అన్నాడు. మొహం మాత్రం పక్కకు తిప్పుకున్నాడు. పోయే మనిషికి నిమ్మకాయల సంగతి ఎందుకో నాకు అర్థం కాలేదు. రెండు నెలలు దాటాక ఒకనాడు అటక మీది బ్యాగు దించి, దులిపి, ఎండలో పెట్టాడు. "గురువారం పొద్దుగాల ఎనిమిదింటికి బస్సు. ఇప్పటికి సాంచ ఖాళీ అయిందట, సేఠ్ రమ్మంటుండు" అన్నాడు. "మంచిది" అన్నాను. దారిలోకి సకినాలు చేశాను. చేస్తున్నంతసేపూ ఒక్కో చుట్టునూ విరిచేయాలని ఉండింది.

బుధవారం రాత్రి ఏమైందో చెబుతాను. మాత్రలు సరిగ్గా వేసుకోవడం మొదలుపెట్టి రెండు నెలలు దాటి ఉంటుంది. అప్పటికే కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తోంది, నేను నమ్మలేదు. ఆ రాత్రి కాళ్లు వేడినీళ్లలో పెట్టి, తుడుచుకుని పడుకున్నాను. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని పిక్కల వైపే చెవి పెట్టుకుని ఉన్నాను. రాలేదు. కాళ్లు నావి కానట్టు, ఎవరో కడిగి ఆరబెట్టినట్టు, మంచం మీద అట్లాగే ఉండిపోయాయి. ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. కలలో కూడా గుంత లేదు.

పాదాల మీద ఏదో వెచ్చగా తగిలి మెలకువ వచ్చింది. ఫోన్ లైటు కళ్లలో పడింది. మా ఆయన నా కాళ్ల దగ్గర వంగి నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి నా పాదాల మీద, ఇంకో చెయ్యి నా ముక్కు దగ్గర.

"ఏందయ్యా!" అన్నాను ఉలిక్కిపడి.

"బతికే ఉన్నవా?" అన్నాడు. "సప్పుడు బందైంది. ఎంతసేపు జూసినా వస్తలేదు. గుండె ఆగినంత పనైంది నాకు."

"ఏం సప్పుడు?"

"నీ సప్పుడే. కిర్రు, టక్."

నేను లేచి కూర్చున్నాను. ఆయన మంచం అంచున కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు, నేల చూస్తూ, నంగి నంగిగా. "ఇరవై రెండేండ్లు సాంచాల పక్కనే పండుకున్నం. అవి ఆగినయంటే కరెంటు పోయినట్టు, లేచి కూసునేటోళ్లం. ఇంటికొస్తే గీ నిమ్మళం నాకు పడలే. కండ్లు మూస్తే చెవులు తెరుసుకుంటున్నయ్. పక్కనున్నప్పుడు నీ గోసే కనబడ్డది, ముందర గదిలకు పోయినంక, గోడ అవతల నుంచి నీ సప్పుడు ఇనబడ్డది. మునుపు ఫోన్ల నీ మగ్గం ఇన్నట్టే. గప్పుడు నిద్ర పట్టింది."

"మరి నా పక్కకెల్లి ఎందుకు పోయినవ్? సేఠ్‌కు నిద్ర పడతలేదని ఎందుకు చెప్పినవ్?"

"నాకు గాదే, నీకు. నేనొచ్చినంకనే నువ్వు కాళ్లు కట్టేసుకున్నవ్. ఇన్నేండ్లు ఒక్కదానివే పండుకున్నవ్, నేనే నీకు అడ్డమైనననుకున్న. సేఠ్‌కు గంత కథ చెప్తనా? నిద్ర లేదంటే సాలు గదా." మంచం కిందికి చెయ్యి చూపించాడు. "గుంతకు గూడ మొక్కిన. మనకు బువ్వ పెట్టిన గుంతను కొబ్బరికాయ లేకుండ పూడ్సినం, గది తప్పే. నువ్వు ఊడ్చేసినవ్."

ఎన్ని నెలలు! ఒకరి నిద్ర కోసం ఒకరం గోడ కట్టుకుని, దానికి చెరో వైపున పడుకున్నాం. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడుపులోనే పలకల సంగతి చెప్పేశాను. పొయ్యి, బకెట్ నీళ్లు, తలస్నానం, ఫోన్లో అబద్ధం, అన్నీ. బాపు చేతి పని అది. తిడతాడని తలొంచుకుని కూర్చున్నాను.

ఆయన నా పాదాన్ని తన ఒళ్లోకి తీసుకుని, మడమ కింద, పలకకు ఆని ఆని గట్టిపడిన చోట బొటనవేలితో నిమిరాడు.

"కాలితే కాలినయ్ తియ్" అన్నాడు. "కాళ్లున్నయ్ గద."

దిండు సరిచేశాను. నా పక్కన పడుకున్నాడు. పడుకున్నాడు గానీ అటు దొర్లుతాడు, ఇటు దొర్లుతాడు. ఇల్లంతా నిశ్శబ్దం. నా కాళ్లు హాయిగా, ఏ కోరికా లేకుండా ఉన్నాయి. పాపం, ఆయన చెవులు మాత్రం తెరుచుకునే ఉన్నాయి. నేను కాలు చాచి కాళ్లవైపు పట్టె మీద పాదం ఆనించి తొక్కాను. కిర్రు, టక్. కుడి కాలు. ఎడమ కాలు. ఇన్ని నెలల్లో మొదటిసారి, నేనే కావాలని కదిపాను. ఆయన ఊపిరి మెల్లగా పొడుగైంది. నేనూ ఎప్పుడో మధ్యలో నిద్రపోయాను.

పొద్దున ఎనిమిది దాటాక ఆయన ఫోన్ మోగింది. బస్సువాడు.

"అన్న ఏడున్నడక్కా? బండి కదుల్తుంది."

"పండుకున్నడు" అన్నాను.

"లేపు మరి!"

"లేప. ఇరవై రెండేండ్ల నిద్ర బాకీ ఉన్నది. నువ్వు పో తమ్మీ" అని పెట్టేశాను.

ఆ మోతకు ఆయన కదిలాడు, కనుబొమలు ముడుచుకున్నాడు, కళ్లు తెరవబోయాడు. నేను గబగబా మంచం చివరన కూర్చుని, పట్టె మీద కాలు పెట్టి తొక్కడం మొదలుపెట్టాను.